ఎన్‌పీటెల్ పరీక్ష: వెయ్యి రూపాయలకు ఏం దొరుకుతుంది, ఎక్కడ చేజారుతుంది

ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం. వారం వారం వచ్చే అసైన్‌మెంట్లూ ఉచితమే. డబ్బు కట్టేది ఒక్క పరీక్షకే, కోర్సుకి వెయ్యి రూపాయలు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకూ వికలాంగులకూ తగిన సర్టిఫికెట్ జతచేస్తే అందులో సగం. అందుకే పాఠాల బాగోగుల జోలికి పోకుండా, సెంటర్‌కి వెళ్లి కంప్యూటర్ ముందు రాసే ఆ మూడు గంటల పరీక్షనూ దాని చుట్టూ ఉన్న ఏర్పాట్లనూ మాత్రమే ఇక్కడ చూద్దాం.

తెలియనివారికి రెండు ముక్కలు. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన వీడియో పాఠాల కార్యక్రమం ఇది. 2014 నుంచి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తున్నారు. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వం స్వయం అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికను తెచ్చాక కోర్సులన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఏటా రెండు విడతలు, జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి. కోర్సులు 4, 8, 12 వారాలవి.

కొనదగ్గ సేవేనా అంటే, అవును. చదువుకున్నదానికి ఇంత తక్కువ ఖర్చులో, ఇంత నమ్మకమైన రుజువు దొరకడం కష్టం. ఆ నమ్మకం వచ్చింది ఐఐటీ ముద్ర వల్ల కొంత, హాల్లో కూర్చోబెట్టి గుర్తింపు కార్డు చూసి రాయించడం వల్ల ఎక్కువ. అయితే పరీక్షలో తప్పేవాళ్లలో చాలామంది సబ్జెక్టు రాక తప్పరు. లెక్క అర్థంకాకో, ఫారం సరిగ్గా నింపకో, తెర మీద తడబడో తప్పుతారు. వీటన్నిటికీ ముందే మందుంది.

ముందు మార్కుల లెక్క

చివరి స్కోరు వందకి. అందులో 25 అసైన్‌మెంట్లది, 75 హాల్లో రాసిన పరీక్షది. అసైన్‌మెంట్లన్నీ కలపరు, బాగా వచ్చినవాటి సగటే తీసుకుంటారు. నాలుగు వారాల కోర్సులో 4కి 3, ఎనిమిది వారాల కోర్సులో 8కి 6, పన్నెండు వారాల కోర్సులో 12కి 8. వీక్ జీరో అని మొదట్లో ఇచ్చేది కేవలం అలవాటు కోసం, దాని మార్కులు లెక్కలోకి రావు.

చాలామందికి ఇంతవరకూ తెలుసు. దెబ్బ తగిలేది తర్వాతి షరతు దగ్గర. సర్టిఫికెట్ రావాలంటే మొత్తం 40 దాటితే చాలదు. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30, రెండూ విడివిడిగా దాటాలి. 75కి 30 అంటే వందకి 40.

ఒక ఉదాహరణ చూడండి. అసైన్‌మెంట్లన్నిటిలో నూటికి నూరు తెచ్చుకున్న విద్యార్థికి 25కి 25 పడ్డాయి. పరీక్షలో వందకి 39 వచ్చాయి, అంటే 75కి 29.25. కలిపితే 54.25. మన ఇంజినీరింగ్ కాలేజీ అలవాటులో 54 అంటే పాస్, ఇంకో మాట లేదు. ఇక్కడ మాత్రం సర్టిఫికెట్ రాదు. ఒక్క మార్కు తక్కువై పన్నెండు వారాల శ్రమ పోయినట్టే. కాబట్టి అసైన్‌మెంట్లు ఎంత బాగా చేసినా పరీక్షలో 40 అనే గడప దాటక తప్పదని మొదటి రోజే గుర్తుపెట్టుకోండి.

సర్టిఫికెట్‌లో నాలుగు మెట్లున్నాయి. 40 నుంచి 59 దాకా వస్తే కోర్సు పూర్తిచేసినట్టు. 60 నుంచి 74 అయితే ఎలైట్. 75 నుంచి 89 అయితే ఎలైట్‌తో పాటు సిల్వర్. 90, ఆపైన గోల్డ్. అసైన్‌మెంట్లలో పూర్తి 25 ఉన్నవాళ్లకు ఎలైట్ కోసం హాల్లో వందకి 47 చాలు. సిల్వర్‌కి 67, గోల్డ్‌కి 87 కావాలి. అదే అసైన్‌మెంట్లలో 20 దగ్గర ఆగిపోయినవాళ్లకు గోల్డ్ కావాలంటే హాల్లో 94 తెచ్చుకోవాలి. అసైన్‌మెంట్లలో వదులుకున్న 5 మార్కులను హాల్లో ఏడు మార్కులు పెట్టి కొనుక్కోవాల్సి వస్తుందన్నమాట. ప్రోగ్రామింగ్ కోర్సుల్లో కొన్నిటికి ఈ పంపకం వేరు. కోడ్ రాసే పరీక్ష విడిగా ఉండి, దానికీ వాటా ఉంటుంది. కోర్సు పేజీలో మార్కుల విధానం అని రాసిన భాగం ఒకసారి కూర్చుని చదవండి.

అసైన్‌మెంట్ల గురించి ఇంకో మాట. జవాబులు గడువుకి ముందే యూట్యూబ్‌లోనూ టెలిగ్రామ్ గుంపుల్లోనూ తిరుగుతుంటాయి. వాటిని చూసి నింపితే 25కి 25 పడతాయి, నిజమే. కానీ పరీక్షకి అసైన్‌మెంట్లు సొంతంగా చేయడమొక్కటే నిజమైన సాధన. దాన్ని పోగొట్టుకున్నవాళ్లే ఆ 40 గడప దగ్గర పడిపోతారు. గడువు సాధారణంగా బుధవారం రాత్రి 11:59 దాకా ఉంటుంది. గడువు లోపల ఎన్నిసార్లైనా మార్చి పంపొచ్చు, చివరగా పంపిందే లెక్క. కాబట్టి ఆదివారమే మీకు తోచినట్టు ఒకసారి పంపేయండి, అనుమానం ఉన్నవి మంగళవారం సరిచూసుకుని మళ్లీ పంపండి. బుధవారం రాత్రి పదకొండున్నరకి హాస్టల్ వైఫై మీద నమ్మకం పెట్టుకోవద్దు. పంపాక పేజీ పైభాగం చూడండి. మీరు ఈ అసైన్‌మెంట్ పంపినట్టు రికార్డు లేదు అనే వాక్యం అక్కడ ఇంకా కనిపిస్తుంటే అది చేరలేదన్నట్టే.

రెండు నమోదులు, రెండు వేర్వేరు పనులు

ఈ సేవలో పెద్ద లోపం ఇక్కడే ఉంది. కోర్సులో చేరడం ఒక నమోదు. పరీక్షకి నమోదు ఇంకొకటి. దానికి వేరే ఫారం, వేరే గడువు. ఆ గడువు కోర్సు సగానికి రాకముందో, సగానికి వచ్చేసరికో ముగుస్తుంది. వారం వారం అసైన్‌మెంట్లు పంపుతూ, అన్నీ సవ్యంగా ఉన్నాయనుకుని, హాల్ టికెట్లు వచ్చే రోజున తమ పేరు లేదని తెలుసుకునేవాళ్లు ప్రతి విడతలోనూ ఉంటారు. పరీక్ష ఫారం తెరిచినట్టు మెయిల్ వస్తుంది. కానీ స్వయం నుంచి వచ్చే మెయిళ్ల వరదలో అది కొట్టుకుపోతుంది. కోర్సులో చేరిన రోజునే పరీక్ష నమోదు ఆఖరి తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. వారం ముందు ఒకటి, మూడు రోజుల ముందు ఒకటి, రెండు గుర్తుచేతలు.

ఫారం నింపేటప్పుడు తప్పులు జరిగే చోట్లు తక్కువే, కానీ ఒక్కోటీ ఖరీదైనదే.

మెయిల్ ఐడీ. కోర్సులో ఏ మెయిల్‌తో చేరారో పరీక్ష ఫారంలోనూ అదే ఉండాలి. వేరేది వాడితే మీ అసైన్‌మెంట్ మార్కులు మీ పరీక్షతో జతపడవు. కాలేజీ ఇచ్చిన మెయిల్ వాడేవాళ్లు ఇంకోటి ఆలోచించాలి. ఫైనల్ ఇయర్ అయ్యాక ఆ మెయిల్ మూసేస్తే సర్టిఫికెట్ దించుకునే దారి మూసుకుపోతుంది. సొంత జీమెయిల్‌తో చేరడం మేలు.

పేరు. ఫారంలో ఏది రాస్తే అదే సర్టిఫికెట్ మీద పడుతుంది, తర్వాత మార్చరు. మన దగ్గర ఇది తేలిక విషయం కాదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పదో తరగతి మెమోలో ఇంటిపేరుకి పొడి అక్షరం, కాలేజీ కార్డులో ఇంటిపేరు చివర, ఇలా ఒకే మనిషికి మూడు పేర్లు. ఉద్యోగాల దగ్గరా విదేశీ యూనివర్సిటీల దగ్గరా సరిచూసేది మెమో పేరుతో, పాస్‌పోర్టు పేరుతో. పరీక్ష రోజున చూపించేది ఆధార్. మూడింటిలో ఇంటిపేరు పూర్తిగా విడమరిచిన రూపం ఏదో చూసి అదే రాయండి. అది మీరు హాల్లో చూపించబోయే కార్డుతో సరిపోవాలి.

ఏబీసీ ఐడీ. క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కించే కోర్సు పాయింట్లు, దాచుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు ఇది, 12 అంకెలు, డిజిలాకర్ ద్వారా తీసుకోవచ్చు. క్రెడిట్లు మీ యూనివర్సిటీకి చేరాలంటే ఇది కావాలి. ఫారం తెరిచాక తీసుకుందాంలే అనుకుంటే ఆధార్‌కి పాత ఫోన్ నంబరు ఉండి ఓటీపీ రాకపోవడం లాంటి అడ్డంకులు వస్తాయి. ముందే తీసి పెట్టుకోండి.

కాలేజీ పేరు. మీ కాలేజీ ఎన్‌పీటెల్ లోకల్ చాప్టర్, అంటే ఎన్‌పీటెల్‌తో జతకట్టిన కాలేజీ, అయితే ప్రొఫైల్‌లో జాబితా నుంచి దాన్నే ఎంచుకోవాలి. చేత్తో టైప్ చేస్తే మీ పేరు కాలేజీ ఎస్‌పీఓసీ జాబితాలోకి రాదు. ఎస్‌పీఓసీ అంటే మీ కాలేజీలో ఎన్‌పీటెల్ వ్యవహారాలు చూసే అధ్యాపకులు. ఎవరు అసైన్‌మెంట్లు పంపారు, ఎవరు పరీక్షకి కట్టారు అన్నది వాళ్లకు కనిపిస్తుంది. మీరు మర్చిపోయినా గుర్తుచేసే మనిషి ఒకరు ఉండాలంటే ఆ జాబితాలో ఉండాలి.

పరీక్ష ఊరు. ఫారంలో ఎంచుకునేది ఊరిని మాత్రమే, సెంటర్ ఎక్కడో హాల్ టికెట్ వచ్చాకే తెలుస్తుంది. హైదరాబాద్ అని రాస్తే ఊరికి ఈ చివరో ఆ చివరో పడొచ్చు, దానికి సిద్ధపడే ఎంచుకోండి. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి విశాఖ సెంటర్‌కి పొద్దున్నే చేరాలంటే తెల్లవారుజామున బయల్దేరడం కంటే ముందురోజు రాత్రే చేరుకోవడం నయం. పరీక్షలు జరిగేది పొద్దున 9 నుంచి 12, మధ్యాహ్నం 2 నుంచి 5. రెండు కోర్సులు తీసుకుంటుంటే పరీక్ష తేదీలు కోర్సు పేజీలోనే ఉంటాయి కాబట్టి ముందే పోల్చుకుని వేర్వేరు రోజులున్నవి తీసుకోండి. మీ యూనివర్సిటీ మిడ్ పరీక్షల తేదీలు కూడా పక్కన పెట్టుకుని చూడండి. జనవరి విడత పరీక్షలు ఏప్రిల్ ప్రాంతంలో, జూలై విడతవి అక్టోబరు ప్రాంతంలో వస్తాయి. సరిగ్గా సెమిస్టర్ చివర ఒత్తిడి ఎక్కువగా ఉండే రోజులే అవి.

ఇంకో కఠినమైన సంగతి. పరీక్షకి వెళ్లలేకపోతే ఇంటర్‌లో ఉన్నట్టు నెల తిరగకుండా సప్లిమెంటరీ ఉండదు. ఆ కోర్సు మళ్లీ నడిచే విడత దాకా ఆగి, మళ్లీ ఫీజు కట్టాలి. ఫైనల్ ఇయర్ చివరి సెమిస్టర్‌లో ఈ క్రెడిట్ల మీద ఆధారపడటం అందుకే ప్రమాదం. క్రెడిట్ల కోసం తీసుకునే కోర్సులు మూడో సంవత్సరం లోపే ముగించండి. ఒకటి పోయినా ఇంకో విడత మిగిలి ఉంటుంది.

కోర్సు ఎంచుకునేటప్పుడే పరీక్ష ఎలా ఉంటుందో అంచనా

ప్రశ్నపత్రం తయారుచేసేది ఆ కోర్సు చెప్పే ప్రొఫెసర్లే. అందుకే కోర్సుకీ కోర్సుకీ పరీక్ష చాలా తేడాగా ఉంటుంది. కొందరి పేపర్లలో అసైన్‌మెంట్ ప్రశ్నలకు దగ్గరి చుట్టాలు ఎక్కువ కనిపిస్తాయి. కొందరివి మొత్తం కొత్త లెక్కలే. ఇది ముందే తెలుసుకునే దారి ఉందని చాలామందికి తెలియదు. ఎన్‌పీటెల్ సైట్‌లో పాత విడతల కోర్సు పేజీలకు వెళ్తే ఎంతమంది చేరారు, ఎంతమంది పరీక్షకి నమోదు చేసుకున్నారు, ఎంతమందికి గోల్డ్, సిల్వర్, ఎలైట్ వచ్చాయి అన్న లెక్కలు చాలా కోర్సులకు ఉంటాయి. చేరినవాళ్ల సంఖ్య పక్కన పెట్టేయండి, ఉచితం కాబట్టి చాలామంది ఊరికే చేరతారు. పరీక్షకి నమోదు చేసుకున్నవాళ్లలో సర్టిఫికెట్ వచ్చినవాళ్లు ఎందరో చూడండి. ఎలైట్ దాటినవాళ్లు పదుల్లో ఉండి నమోదైనవాళ్లు వేలల్లో ఉంటే అది కఠినమైన పేపరు. క్రెడిట్ కోసం మాత్రమే తీసుకునేవాళ్లు ఈ ఒక్క పని చేస్తే సగం చిక్కులు తీరిపోతాయి.

తెలుగు మాధ్యమంలో చదువుకుని వచ్చినవాళ్లకు ఒక మంచి సంగతి. చాలా కోర్సుల పాఠాల రాతప్రతులకు తెలుగు అనువాదాలు ఎన్‌పీటెల్ సైట్‌లో దించుకోవడానికి ఉన్నాయి. ప్రొఫెసర్ మాట వేగం అందనప్పుడు ఇవి చాలా ఉపయోగం. పరీక్ష మాత్రం ఇంగ్లిష్‌లోనే. కాబట్టి తెలుగులో అర్థం చేసుకున్న తర్వాత ఇంగ్లిష్ పదజాలంతో ఒకసారి అసైన్‌మెంట్ ప్రశ్నలు చదువుకోవడం తప్పనిసరి. ప్రశ్నలో లేనిది ఏది, తప్పు ఏది అని అడిగే వాక్యాల్లో ఆ చిన్న వ్యతిరేక పదం కంట పడకే చాలా మార్కులు పోతాయి.

సాధన ఎలా అంటే, ఎక్కువ మంది చేసే పొరపాటు వీడియోలు మళ్లీ చూడటం. పన్నెండు వారాల కోర్సులో వీడియోలు దాదాపు ముప్పై గంటలుంటాయి. చివరి వారంలో అవి మళ్లీ చూడటం ఎవరికీ సాగదు. దానికి బదులు గడువు అయ్యాక ఇచ్చే జవాబులతో సహా అసైన్‌మెంట్లు 12 దగ్గర పెట్టుకోండి. పాత విడతలవి దొరికితే ఇంకా మంచిది. జవాబులు కప్పేసి, ఒక్కో అసైన్‌మెంట్ పావుగంటలో చేయండి. తప్పినవాటి పక్కన ఆ అంశం ఏ వారం ఏ వీడియోలో ఉందో రాసుకోండి. ఆ వీడియోలు మాత్రమే చూడండి. ఇలా చేస్తే మూడు రోజుల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. ప్రశ్నలన్నీ వచ్చేశాయి అనిపించాక ప్రశ్నలోని అంకెలు మీరే మార్చి చేయండి. హాల్లో అవే లెక్కలు వేరే అంకెలతో రావడం మామూలే, జవాబు కంఠతా పట్టినవాళ్లు ఇరుక్కునేది అక్కడే.

హాల్లో ఆ మూడు గంటలు

హాల్ టికెట్ ప్రింటు, దానితో పాటు ఫొటో ఉన్న అసలు గుర్తింపు కార్డు. జిరాక్స్‌తోనో ఫోన్‌లో ఫొటో చూపించో పనవదు. గేటు ఎప్పుడు మూస్తారో హాల్ టికెట్ మీదే ఉంటుంది, ముందురోజు రాత్రి ఒకసారి చదవండి. ఫోన్, చేతి గడియారం, బ్యాగు బయటే. ఇంటి నుంచి తెచ్చుకున్న కాలిక్యులేటర్ కూడా లోపలికి రాదు.

కాలిక్యులేటర్ తెర మీదే ఉంటుంది, గేట్ పరీక్షలో ఇచ్చేలాంటిది. అలవాటు లేనివాళ్లకు ఇదొక పరీక్షలో పరీక్ష. చేతి కాలిక్యులేటర్‌లో మనం వర్గమూలం గుర్తు ముందు నొక్కి తర్వాత సంఖ్య కొడతాం. ఇక్కడ సంఖ్య ముందు కొట్టాలి, తర్వాత ఫంక్షన్ నొక్కాలి. సైన్, లాగ్ అన్నీ అంతే. డిగ్రీల్లో ఉందా రేడియన్లలో ఉందా అన్నది పైన చిన్న గుండ్రటి గుర్తులో ఉంటుంది, కోణాల లెక్క చేసే ముందు అది చూడండి. అన్నీ మౌస్‌తోనే నొక్కాలి కాబట్టి పెద్ద లెక్క ఒకే దమ్మున చేయకుండా, మధ్యలో వచ్చిన విలువను రఫ్ షీట్ మీద రాసుకుంటూ వెళ్లండి. గేట్ సైట్‌లో ఉచితంగా పెట్టే మాక్ టెస్ట్ తెరిచి ఒక అరగంట ఈ కాలిక్యులేటర్‌తో ఆడుకుని వెళ్తే హాల్లో పదిహేను నిమిషాలు మిగులుతాయి.

కీబోర్డు ముట్టుకోకండి. అంకెల జవాబు అడిగిన ప్రశ్నలకు కూడా తెర మీద కనిపించే అంకెల పలకనే మౌస్‌తో నొక్కాలి. పొరపాటున కీబోర్డు కీ నొక్కితే సిస్టమ్ లాక్ అయిపోవచ్చు, ఇన్విజిలేటర్ వచ్చి తెరిచేదాకా నిమిషాలు పోతాయి.

జవాబుల గుర్తుల తేడా కళ్లతో పట్టుకోవాలి. ఎంపికల పక్కన గుండ్రటి గడి ఉంటే ఒకటే సరైన జవాబు. చతురస్రపు గడి ఉంటే ఒకటి కంటే ఎక్కువ ఉండొచ్చు. చతురస్రాలున్న ప్రశ్నకి ఒకటి పెట్టి ముందుకెళ్లిపోవడం తరచూ జరిగే తప్పు. నెగెటివ్ మార్కులు సాధారణంగా ఉండవు, అయినా మొదటి తెర మీద వచ్చే సూచనల్లో ఆ వాక్యం చూసి రూఢి చేసుకోండి. లేవని తేలితే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. 39 దగ్గర ఆగిపోయేవాళ్లకూ 40 దాటేవాళ్లకూ మధ్య తేడా తరచూ ఈ వదిలేసిన ప్రశ్నలే.

జవాబు ఎంచుకున్నంత మాత్రాన నమోదు కాదు. సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కాలి. కుడివైపు ప్రశ్నల అంకెల పట్టీలో ఆకుపచ్చగా మారితేనే అది చేరినట్టు. ఎరుపు అంటే తెరిచి చూశారు, జవాబు ఇవ్వలేదు. వంగపండు రంగు అంటే మళ్లీ చూద్దామని పక్కన పెట్టారు. కుడివైపు అంకె మీద నొక్కి నేరుగా వేరే ప్రశ్నకి దూకితే అప్పటిదాకా ఎంచుకున్నది పోతుంది, ఇది గుర్తుంచుకోవాల్సిన ముఖ్యమైన మాట. చివరి పది నిమిషాలు కొత్త లెక్క మొదలుపెట్టకుండా ఆ పట్టీలో ఎరుపు ఎన్ని మిగిలాయో చూసి వాటిని ఆకుపచ్చ చేయండి.

సమయం సరిపోదన్న ఫిర్యాదు ఎక్కువ కోర్సుల్లో ఉండదు. సిద్ధాంతం ఎక్కువ ఉన్న కోర్సుల్లో రెండు గంటల్లో అయిపోతుంది. లెక్కలు ఎక్కువ ఉన్నవాటిలో మాత్రం మొదటి గంటలో తేలికవన్నీ ఒక చుట్టు ముగించి, తర్వాత పొడుగు లెక్కల మీదికి రావడమే సరైన దారి.

ఇంట్లో కూర్చుని రాసేవాటితో పోలిస్తే

ప్రైవేటు వేదికలు చాలావరకు ఇంటి నుంచే కెమెరా ముందు రాయిస్తాయి. కెమెరా, మైకు ఆన్‌లో ఉండాలి, తెర పంచుకోవాలి, గదిలో ఇంకొకరు కనిపించకూడదు. చెప్పడానికి సుఖంగానే ఉంటుంది. మన దగ్గర నలుగురు ఉండే హాస్టల్ గదిలో, కరెంటు పోయే ఊళ్లో, ఒక్క సిమ్ డేటా మీద మూడు గంటలు ఆ షరతులు నిలబెట్టడం కష్టం. పక్క గదిలో మాట వినిపించినా అనుమానపు గుర్తు పడుతుంది. ఆ కోణంలో చూస్తే సెంటర్‌కి వెళ్లి రాయడమే విద్యార్థికి న్యాయం చేస్తుంది. కరెంటు, కంప్యూటర్, నిశ్శబ్దం వాళ్ల బాధ్యత అవుతుంది. బస్సు ఖర్చు, రాత్రి బస ఖర్చు వెయ్యికి తోడవుతాయి, దూరపు ఊళ్లవాళ్లకు అది చిన్న మొత్తం కాదని ఒప్పుకోవాలి.

స్వయంలోనే ఎన్‌పీటెల్ కాని కోర్సులూ ఉన్నాయి. వాటి పరీక్షలు ఎన్‌టీఏ (నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ) నిర్వహిస్తుంది, అక్కడ అసైన్‌మెంట్లకు 30, పరీక్షకి 70. ఫీజు, ఫారం, తేదీలు అన్నీ వేరు. రెండు రకాలూ ఒకే సైట్‌లో కనిపించడం వల్ల ఒకదాని ఫారం గడువును ఇంకోదానికి అన్వయించుకుని పోగొట్టుకునేవాళ్లున్నారు. కోర్సు ఏ సంస్థదో మొదటి రోజే చూసుకోండి.

మెరుగుపడాల్సింది ఇంకొకటి. ఫలితం రావడానికి వారాలు పడుతుంది, వచ్చాక మార్కు మాత్రమే తెలుస్తుంది. ఏ ప్రశ్న తప్పింది, ఎందుకు తప్పింది అన్నది విద్యార్థికి తెలియదు. నేర్పడమే పనిగా పెట్టుకున్న సంస్థ దగ్గర ఇది ఉండాల్సిన లోటు కాదు. కనీసం ఏ వారం పాఠాల్లో ఎంత శాతం వచ్చిందో చెప్పినా రెండోసారి రాసేవాళ్లకు ఎంతో మేలు.

క్రెడిట్లుగా మార్చుకోవడం

సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లోనే వస్తుంది, పోస్టులో రాదు. దాని మీద అసైన్‌మెంట్ మార్కు 25కి ఎంత, పరీక్ష మార్కు 75కి ఎంత, మొత్తం శాతం, రోల్ నంబరు, సూచించిన క్రెడిట్లు, సరిచూసుకోవడానికి క్యూఆర్ కోడ్ ఉంటాయి. రెండు మార్కులూ విడివిడిగా అచ్చువేయడం ఈ సర్టిఫికెట్‌లో చాలా మంచి సంగతి. అసైన్‌మెంట్లు 25, పరీక్ష 31 అని ఉన్న సర్టిఫికెట్ ఎలా సంపాదించిందో చూసేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. అసైన్‌మెంట్లు 20, పరీక్ష 58 అని ఉంటే దాని విలువ వేరు.

యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయం ద్వారా తీసుకోవచ్చు, అంతకుముందు 20 శాతమే ఉండేది. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఏ కోర్సుకి బదులు ఏది, ఎన్ని వారాలది, ఎన్ని క్రెడిట్లకు అన్నది మీ యూనివర్సిటీ, కాలేజీ నిర్ణయిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్20 అనే 2020 నాటి బీటెక్ నిబంధనల కింద ఆనర్స్ డిగ్రీ కోసం కావలసిన 20 అదనపు క్రెడిట్లలో కొంత భాగం ఇలాంటి ఆన్‌లైన్ కోర్సుల నుంచే రావాలి. కోర్సు అయిపోయాక అడిగితే ఒప్పుకోకపోవచ్చు. చేరకముందే కోర్సు పేరు, కోడ్, వారాల సంఖ్యతో విభాగాధిపతి ఆమోదం రాతపూర్వకంగా తీసుకోండి. డిపార్ట్‌మెంట్‌లో నోటి మాటగా సరే అన్నది ఏడాది తర్వాత అధ్యాపకులు మారితే నిలబడదు.

ఫలితం వచ్చిన రోజునే సర్టిఫికెట్ దించుకుని, పేరు అక్షరం అక్షరం చూసి, క్యూఆర్ కోడ్ ఫోన్‌తో తెరిచి, అది మీ పేజీకే వెళ్తుందో లేదో చూడండి. ఒక కాపీ ఎస్‌పీఓసీకి, ఒకటి పరీక్షల విభాగానికి ఇచ్చి, ఇచ్చినట్టు తేదీ వేయించుకోండి. కొన్ని వారాల తర్వాత ఏబీసీ ఖాతా తెరిచి క్రెడిట్లు చేరాయో లేదో చూడండి. చేరకపోతే రోల్ నంబరు, కోర్సు కోడ్, ఏబీసీ ఐడీ మూడూ రాసి ఎస్‌పీఓసీ ద్వారానే అడగండి. సెమిస్టర్ మార్కుల మెమో అచ్చవకముందే ఇదంతా పూర్తయిపోవాలి.